ముద్ద రబ్బరు పిసికే పని ఎవరిది

మీలో ఎవరైనా కొత్తగా ఈ ఉద్యోగంలో చేరి ఉంటే ముందే చెప్పేస్తున్నాను, మిమ్మల్ని అందరూ ఫిజియో అనే పిలుస్తారు. కాదండీ, మాది ఆక్యుపేషనల్ థెరపీ అని మీరు ఓపిగ్గా వివరిస్తారు. వాళ్ళు బుద్ధిగా తలూపి, వెళ్ళేటప్పుడు "వస్తాం ఫిజియో మేడం" అనే వెళ్తారు. నా రిటైర్మెంటు రోజున శాలువా కప్పుతూ మా ఆసుపత్రి పెద్దాయన కూడా మైకులో అదే అన్నాడు. నేను శాలువా సర్దుకుని నవ్వాను. అప్పటికి పోట్లాడే ఓపిక అయిపోయింది.

మనిషిని లేపి నడిపించడం ఫిజియోల పని. అలా నడిచి వెళ్ళిన మనిషి తలుపు గడియ తీయగలగాలి, అన్నం కలుపుకోగలగాలి, జాకెట్టు హుక్కు పెట్టుకోగలగాలి. అది మా పని. బెంగళూరులో ఒకే ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల చేతులు పట్టుకుని బతికాను. ముఖాలు నాకు గుర్తుండవు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంటు కింద కూరగాయల బండి దగ్గర ఎవరైనా "గుర్తున్నానా మేడం" అని పలకరిస్తే, "ఏదీ, చెయ్యి చూపించండి" అంటాను. చెయ్యి చూడగానే జిగణి ఫ్యాక్టరీలో నలిగిన వేళ్ళో, స్కూటరు మీంచి పడి విరిగిన మణికట్టో గుర్తొచ్చేస్తుంది. ఆ తర్వాత మెల్లగా మనిషి గుర్తొస్తాడు.

ఈ ఉద్యోగంలో నన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించినవాళ్ళు ప్రేమగల కుటుంబ సభ్యులు. పేషెంటు వణికే చేత్తో చెంచా అందుకోబోతాడు. ఇంకొక్క క్షణం ఆగితే అందుతుంది. ఈలోగా పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చి, ఆ చెంచా తీసి, అతని నోట్లో పెట్టేస్తుంది. "పాపం, ఎంతసేపని కష్టపడతాడు మేడం" అంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది. "మీరు చేతులు కట్టుకుని కూర్చోండి" అని అరిచేదాన్ని. పేషెంట్ల వెంట వచ్చేవాళ్ళ కోసం నా గదిలో మూలగా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. మా జూనియర్ దానికి పనిష్మెంట్ కుర్చీ అని పేరు పెట్టింది. ఆ కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆయనది చిక్కపేట. అక్కడే పుట్టి, అక్కడే చీరల అంగడి నడిపి, వయసు మీద పడ్డాక దాన్ని తమ్ముడి కొడుక్కి అప్పగించి ఇంటిపట్టున ఉన్నాడు. ఆయన భార్య ఒక బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి, రిటైరయ్యాక కూడా ఇంట్లో పెన్సిలుతో, బొగ్గుతో మనుషుల ముఖాలు గీసేది. అడిగినవాళ్ళకి గీసి ఇచ్చేది, అడగనివాళ్ళవి గీసి దాచుకునేది. ఒకరోజు పొద్దున ఆమె చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. పక్షవాతం. మాట తొందరగానే తిరిగొచ్చింది, కాలు కూడా ఫరవాలేదనిపించుకుంది. కుడి చెయ్యి దగ్గరే చిక్కొచ్చి పడింది. భుజం లేస్తుంది, మోచెయ్యి వంగుతుంది, వేళ్ళు మాత్రం మాట వినవు. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా దాని మీద చీర కొంగు కప్పుకుని వచ్చేదామె.

మొదటిరోజు ఆమె ముందు ఆకుపచ్చ రంగు పుట్టీ ముద్ద ఒకటి పెట్టాను. చేతి వ్యాయామానికి మేం వాడే మెత్తటి ముద్ద అది. పిసుకుతూ ఉంటే వేళ్ళకి బలం వస్తుంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, మొహం గోడవైపు తిప్పుకుంది.

"చిన్నబిడ్డలు ఆడుకునేదాన్ని తెచ్చి నా ముందర పెడతారేమమ్మా?"

ఆ తర్వాత రెండు మూడుసార్లు వచ్చినా అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. నేను చెయ్యి ఎత్తితే ఎత్తనిచ్చేది, దించితే దించనిచ్చేది. పక్కింటివాళ్ళ గొడుగు కాసేపు పట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉండేది. ఆ చేతితో తనకి సంబంధం లేదన్నట్టు.

ఆయన మాత్రం ఊరుకోలేకపోయాడు. ఒకరోజు మూత బిగుతుగా ఉండే చిన్న స్టీలు డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల బూడిదరంగు, నలుపు కలిసిన ముద్దలు నాలుగైదు ఉన్నాయి. చపాతీ పిండి ముద్దని బొగ్గుల కుంపటి పక్కన మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

"ఇవి బొమ్మలేసేవాళ్ళ రబ్బరు, డాక్టరమ్మా. మేం ముద్ద రబ్బరు అంటాం. మీ పచ్చముద్ద మాదిరే ఉంటాదని తెచ్చినా. ఇదైతే ముట్టుకుంటాదేమో చూడండి" అన్నాడు. నేను డాక్టరమ్మని కాదని చెప్పడం అప్పటికే మానేశాను.

ఇక్కడ మా జూనియర్ గురించి చెప్పాలి. తెలంగాణ నుంచి వచ్చిన పిల్ల, చురుకైనది, శుభ్రం విషయంలో ఆసుపత్రి రూల్సన్నీ నోటికొచ్చు. ఒక పేషెంటు ముట్టుకున్న వస్తువు తుడవకుండా ఇంకొకరికి ఇవ్వకూడదని ఆమెకి ఎవరో ఎప్పుడో గట్టిగా చెప్పి ఉండాలి. మేం మాటల్లో ఉండగా ఆ డబ్బాలోంచి ఒక ముద్ద తీసి, దూదికి స్పిరిట్ అద్ది, శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టింది. నల్లరంగు పోలేదు సరికదా, ముద్ద జిగటగా అయి, ముందు దూది దానికి అంటుకుంది, ఆపైన దూదితో సహా ఆ పిల్ల వేళ్ళకి అంటుకుంది. విదిలించుకుంటే రాదు, గోకితే రాదు.

ఆమె కుర్చీలోంచి పెద్దగా కేక వినిపించింది.

"ఏం జేస్తా ఉండావమ్మా నువ్వు? దానికి నీళ్ళే తగలగూడదు, స్పిరిట్ పోస్తావా?"

"సారీ ఆంటీ... ఇన్ఫెక్షన్ కంట్రోల్ అని... అందరి చేతులు తగుల్తయి కదా" అని నసిగింది మా పిల్ల, రెండు వేళ్ళు అతుక్కుపోయి.

"ఎవురి చేతులు తగుల్తాయి? అది నాది. దాన్ని కడగరు, తుడవరు. ఇటియ్యి."

ఎడం చేత్తో డబ్బా లాక్కుని ఇంకో ముద్ద తీసింది. బల్ల అంచుకి అదిమిపెట్టి సాగదీసింది, మడిచింది, మళ్ళీ సాగదీసింది. పైన ఉన్న నలుపు సన్నటి చారలై లోపలికి పోతూ, లోపలి లేత బూడిదరంగు బయటికొస్తూ ఉంది. చేస్తూనే మా ఇద్దరికీ పాఠం చెప్పింది. ఈ రబ్బరుతో రుద్దకూడదట, కాగితం మీద అద్ది ఎత్తాలట. అద్దితే బొగ్గు దీనికి అంటుకుని వస్తుంది, కాగితం తెల్లబడుతుంది. నల్లబడ్డాక ఇలా పిసికితే మళ్ళీ పనికొస్తుంది. ఎండలో పెడితే కరిగి బంకవుతుంది, చలిలో రాయవుతుంది, మూత తీసి పెడితే దుమ్మూ వెంట్రుకలూ అన్నీ దానికే. ఎంత పిసికినా లేతరంగు రానప్పుడు ఇక దాని పని అయిపోయినట్టు.

ఆమె చెప్పింది మా జూనియర్ వింటోంది. నేను చూస్తున్నది వేరే. ఎడం చెయ్యి ముద్దని సాగదీసినప్పుడల్లా కొంగు కింద ఏదో కదులుతోంది. లేచి వెళ్ళి, అడక్కుండానే కొంగు తొలగించాను. కుడి బొటనవేలు, ఎడం చెయ్యి చేసే పనిని తనూ చెయ్యబోతున్నట్టు కొద్దికొద్దిగా లోపలికి వంగుతోంది. ఆకుపచ్చ పుట్టీని బీరువాలో పెట్టేయమని మా పిల్లకి చెప్పాను.

ఆ రోజు నుంచి మందు అదే. గదిలో నేను దగ్గరుండి ఆమె కుడి వేళ్ళని ముద్ద చుట్టూ మడిచి పిసికించేదాన్ని. ఇంటి దగ్గర చెయ్యాల్సింది కూడా చెప్పాను. రోజూ ఒక కాగితానికి బొగ్గు పూయాలి, దాని మీద ముద్దని అద్ది నల్లగా చేయాలి, కుడి చేత్తో పిసికి మళ్ళీ లేతరంగు తెప్పించాలి. వచ్చేటప్పుడు ఆ ముద్ద తెచ్చి నాకు చూపించాలి. ఆమె సరేనంది. నేను పొంగిపోయాను.

తొందరపడటానికి కారణం ఉంది. న్యూరో డాక్టరు వచ్చే రివ్యూకి గడువు పెట్టాడు. అప్పటికి పట్టు ఏమాత్రం పెరగకపోతే కుడి చేతి మీద పెట్టే టైము ఆపేసి, ఎడం చేత్తో పనులు నేర్పించి పంపించమన్నాడు. ఆయన కఠినుడేం కాదు. నా గది బయట బెంచీ మీద ఇంకా ఎందరి చేతులో ఎదురుచూస్తున్నాయి, ఆయన లెక్కా న్యాయమే. ఆ మాట ఆమె ముందే చెప్పాడు. బయటికొచ్చాక ఆమె నన్ను అడిగింది:

"అంటే ఈ చెయ్యి ఉండేదే కానీ లేనట్టు. అంతే కదమ్మా?"

"ఇంకా టైముంది" అన్నాను. అలాంటప్పుడు మేమందరం చెప్పే మాటే నేనూ చెప్పాను.

ఇంటి నుంచి వచ్చే ముద్ద ప్రతిసారీ బ్రహ్మాండంగా ఉండేది. ఒక్క నల్ల చార లేకుండా, కొత్తగా కొన్నట్టు. నేను మా జూనియర్‌కి చూపించి మురిసిపోయేదాన్ని. తర్వాత గ్రిప్ మీటరు తీసి ఆమె చేతిలో పెట్టేవాళ్ళం. చేతి పట్టు ఎంతుందో చూపించే పరికరం అది. ముల్లు ఉన్నచోటు నుంచి కదిలేది కాదు.

"మేడం, గ్రిప్ అస్సలు ఇంప్రూవ్ అయితలేదు" అంది మా పిల్ల. "మీటర్ ఖరాబైందేమో."

మీటరు మీద అనుమానం రావడంతో ఆ మధ్యాహ్నం దాని పరీక్ష జరిగింది. నేను నొక్కాను, మా పిల్ల నొక్కింది, పక్క గదిలోని ఫిజియో కుర్రాడు వచ్చి కండలు చూపించడానికి నొక్కి ముల్లుని చివరికంటా తోశాడు. మీటరు భేషుగ్గా ఉంది. మరి ముద్దని అంత శుభ్రంగా పిసికే చెయ్యి మీటరుని ఎందుకు నొక్కలేకపోతోంది? ఒకటే చెయ్యి కదా?

ఒకటే చెయ్యి కాదని తర్వాతిసారి వాళ్ళొచ్చినప్పుడు తెలిసింది. ఆయన డబ్బా మూత తీసి నా చేతికి ముద్ద ఇస్తుంటే ఆయన అరచెయ్యి వెలుగులో పడింది. గీతల్లో, వేళ్ళ మడతల్లో, గోళ్ళ చివర సన్నగా బొగ్గు. ఉంగరం వేలికి ఉంగరం లేదు, అది ఉండాల్సిన చోట పాలిపోయిన వలయం ఉంది. ఆమె కుడి చెయ్యి తిప్పి చూశాను. ఎక్కడా ఒక్క మరక లేదు. చేతులు చూడటమే వృత్తిగా బతికినదాన్ని, ఇన్నాళ్ళూ పేషెంటు చేతుల్నే చూస్తూ పక్కనున్న చేతుల్ని వదిలేశాను.

ఆమెని మా జూనియర్‌తో కిటికీ దగ్గరికి నడవమని పంపి, ఆయన్ని నిలదీశాను.

"ముద్ద పిసికేది మీరా?"

దాచలేదాయన. "ఔనమ్మా" అన్నాడు. "ఆమె మొదులు పెడతాది. చేతిలోంచి జారి పడిపోతాది. మళ్ళా తీస్తాది, మళ్ళా పడతాది. నేను చూడలేను. ఇట్లియ్యి మే, నేను చేస్తానని తీసుకుంటా."

నాకు కోపం ముంచుకొచ్చింది. నలభై మందికి చెప్పిన ఉపన్యాసమే ఆయనకీ చెప్పాను. మీరు ప్రేమతో చేసే పని ఆమె చేతిని చంపేస్తోందనీ, రివ్యూ దగ్గరపడుతోందనీ, ఇక నుంచి ఆ డబ్బా ముట్టుకోవద్దనీ, చేతులు కట్టుకుని కూర్చోవాలనీ. ఆయన అంతా విన్నాడు. విని, మెల్లగా అన్నాడు:

"పెండ్లైన కొత్తల్లో ఆమె బొమ్మలేస్తా ఉంటే పక్కన కూసోని చూస్తా ఉండేవాణ్ణి. నాకి బొమ్మ గురించి ఏం తెలుసమ్మా? బాగుండాదా లేదా అని చెప్పను కూడా రాదు. ఒకనాడు ఈ రబ్బరు చేతికిచ్చి, సుమ్నే ఊరికే కూసున్నావు కదా, దీన్ని పిసుకు అనింది. అప్పట్నుంచి దినామూ అంగడి మూసి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోని, ఉంగరం తీసిపెట్టి ఇదే పని. ఆమె గీస్తాది, నేను పిసుకుతా. నలభై ఏండ్లు. ఇప్పుడు అది కూడా ముట్టుకోవద్దంటే, ఆమె దగ్గర నాకింకేం పని ఉండాదమ్మా?"

ఇంతమంది మీద అరిచాను కానీ, చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి ఏమైపోతాడని ఎప్పుడూ ఆలోచించలేదు. క్యాంటీనుకి వెళ్ళి కాఫీ ముందు పెట్టుకుని, అది చల్లారి మీగడ కట్టేదాకా కూర్చున్నాను. ఆమె చేతికి పని కావాలి, ఆయన చేతికీ పని కావాలి. ఉన్నదేమో ఒకటే ముద్ద. అక్కడే తట్టింది నాకు, ముద్దని పిసకడం ఒక పనైతే, దాన్ని నల్లగా చెయ్యడం ఇంకో పని కదా.

తిరిగొచ్చి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. "ఇక నుంచి బొమ్మలు ఆయన గీస్తారు. ముద్ద మీరు పిసుకుతారు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆయప్ప గీస్తాడా? ఆయప్పకి గీత గీసేకి కూడా స్కేలు కావల్ల!"

"స్కేలు పెట్టుకునే గీస్తా లే" అన్నాడాయన, బుద్ధిగా.

నిజంగానే స్కేలు పెట్టుకుని గీశాడు. ఆ తర్వాతిసారి తెచ్చిన బొమ్మ నిండా చతురస్రాలే. ఒకదాని మీద ఒకటి, వరసలు వరసలుగా. ఏమిటని అడిగితే, "మా అంగడిలో చీరలు పెట్టే అర" అన్నాడు. ఆయనకి గీయడం కంటే చెరపడమే ఎక్కువ. గీసిన ప్రతి గీతా వంకరగా వచ్చిందని చెరిపేసేవాడు. దాంతో ముద్ద బూటుపాలిష్ డబ్బాలా నల్లబడిపోయేది. ఆమె దాన్ని చూసి గొణుక్కుంటూ, తిట్టుకుంటూ పిసికేది. జారి పడితే తనే వంగి తీసుకునేది, ఎందుకంటే ఆయన్ని ముట్టుకోవద్దని నేను ఒట్టు పెట్టించాను. ఆయన ఆ సమయంలో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడట. ఆ సంగతి ఆమే చెప్పింది, కొంచెం నవ్వుతూ. ఇప్పుడు వచ్చే ముద్దలు మునుపట్లా తళతళలాడేవి కావు. చారలు చారలుగా, సగం పిసికి వదిలేసినట్టు ఉండేవి. నాకవి ముద్దొచ్చేవి. మీటరు ముల్లు కాస్త కదిలింది. కదిలింది కానీ, చాలదు. గుప్పిట మూసుకోవడం వచ్చింది, బొటనవేలూ చూపుడువేలూ కొసలు కలిసి చిన్న వస్తువుని పట్టుకోవడం రాలేదు. గుండీ పెట్టాలన్నా, పెన్సిలు పట్టాలన్నా ఆ పట్టే కావాలి. ఎన్ని రకాలుగా చేయించినా చూపుడువేలు దారి తప్పిపోయేది.

రివ్యూకి ముందు వచ్చిన ఆఖరి సెషను అది. ఆ రోజు ఆమె చెయ్యి మళ్ళీ కొంగు కిందికి వెళ్ళిపోయింది. నేను ఏం చెయ్యమన్నా "రేపు ఎట్లాగూ ఆపేస్తారంట కదా" అంటోంది. నాకు కూడా ఆశ సన్నగిల్లింది, నిజం చెప్పాలంటే. ఏదో ఒకటి మాట్లాడించాలని, ఆయన్ని అక్కడే బొమ్మ గీయమన్నాను.

"ఏం గీయల్ల?" అన్నాడాయన.

"చీరల అర మాత్రం గీయొద్దప్పా, నీకి దండం పెడతా. ఈపొద్దన్నా మనిషిని గియ్యి" అంది ఆమె, చూపు తిప్పకుండానే.

ఆయన కాగితం బల్ల మీద పరిచి, బొగ్గు కడ్డీ తీసుకుని, ఆమెనే గీయడం మొదలుపెట్టాడు. తల ఎత్తి ఆమెని చూడటం, ఒక గీత పెట్టడం, మళ్ళీ చూడటం. నలభై ఏళ్ళు గీసే మనిషి పక్కన కూర్చున్నవాడు, గీయడానికని ఆమె ముఖాన్ని చూడటం అదే మొదలు. ముఖం గుండ్రంగా కోడిగుడ్డులా వచ్చింది. ముక్కు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. బొట్టు మాత్రం సరిగ్గా పడింది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయనకి ఏం చెయ్యాలో తోచక రెండు గుంతలు గీసి వాటినిండా బొగ్గు కూరేశాడు.

ఆమె తిరిగి చూసింది.

"ఇది నేనా?" అంది. "కండ్లలో ఏమీ లేదు కదయ్యా. చచ్చిపోయిన మనిషిని గీసినావు. నేను బతికే ఉండాను కదప్పా."

ఆయన కంగారుపడ్డాడు. ముద్ద అందుకుని, చేసిన తప్పు దిద్దబోయి, గబగబా రుద్దాడు. నలుపంతా బుగ్గమీదికి పాకింది.

"రుద్దొద్దు! రుద్దొద్దు! పూసుకుంటాది. అద్దల్ల, ఎత్తల్ల. ఎన్నిసార్లు చెప్పల్ల నీకి!"

"నాకి రాదు మే" అన్నాడాయన. ముద్దని బల్ల మీద పెట్టేసి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

పైన ఫ్యాను తిరుగుతోంది. కాగితం ఒక మూల లేచి బల్ల మీద జరగడం మొదలైంది. ఆమె ఎడం చెయ్యి చటుక్కున వెళ్ళి దాన్ని అదిమి పట్టింది. అక్కడితో ఎడం చేతికి పని దొరికేసింది. ఇక మిగిలింది ఒకటే.

కుడి చెయ్యి కొంగు కిందనుంచి బయటికొచ్చింది. ఎవరూ రమ్మనలేదు. మా జూనియర్ నోరు తెరవబోతుంటే ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఆమె కుడి చెయ్యి బల్ల మీద పాకుతూ వెళ్ళి ముద్ద మీద పడింది. ముద్ద దొర్లిపోయింది. మళ్ళీ వెళ్ళింది, ఈసారి పట్టుకుంది. ఆమె కళ్ళు బొమ్మ మీదే ఉన్నాయి, చేతిని చూడటం లేదు. బొటనవేలూ చూపుడువేలూ ముద్ద అంచుని పట్టి కొద్దిగా లాగాయి. చిన్న మొన తేలింది. వంకర మొనే, కానీ మొన. రెండు వేళ్ళ కొసలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. ఇన్ని వారాలు నేను వాటిని ఏం చెయ్యమని బతిమాలానో అదే చేస్తున్నాయి.

ఆ మొనని నల్లటి కంట్లో పెట్టి అద్దింది, ఎత్తింది. నువ్వుగింజంత తెల్లచుక్క. ముద్దని అటు తిప్పి, రెండో కంట్లో ఇంకొకటి. అది కొంచెం పక్కకి పడింది.

"ఇప్పుడు చూస్తా ఉండాది" అంది.

నిజమే, చూస్తోంది. కోడిగుడ్డు ముఖంలోంచి, మసిబుగ్గ మీంచి ఒక మనిషి మావైపు చూస్తోంది. ఆయన తొడల కింద చేతులు తీయకుండానే ఏడుస్తున్నాడు, ముక్కు తుడుచుకోవడానికి కూడా తీయడం లేదు. నాకూ ఏడుపొచ్చింది. పేషెంట్ల ముందు ఏడవకూడదని జూనియర్లకి పాఠం చెప్పేది నేనే. ఆ రోజు మా పిల్ల నావైపు చూడకుండా మర్యాదగా కిటికీ బయటికి చూసింది.

మర్నాడు రివ్యూలో మీటరు లెక్కతో పాటు ఆ బొమ్మని కూడా డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఎవరు గీశారిది?" అన్నాడు, కొంచెం భయంగా. బొమ్మ భర్తది, కళ్ళల్లో చుక్కలు ఆమెవి అన్నాను. రెండు వేళ్ళతో చేసిందని మా పిల్ల చేసి చూపించింది. డాక్టరు ఆమెకి ముద్ద ఇచ్చి మళ్ళీ మొన తియ్యమన్నాడు. తీసింది, ఆలస్యంగా, పెదవి కొరుక్కుంటూ. కుడి చెయ్యి థెరపీ కొనసాగించమని ఆయన రాసిచ్చాడు.

ఆ చెయ్యి పూర్తిగా తిరిగొచ్చిందని చెప్తే అబద్ధమవుతుంది. పెన్సిలు ఎక్కువసేపు నిలవదు. గీతలు ఎడం చేత్తో నేర్చుకుంది, అవి వణుకుతాయి, ఆ వణుకే బాగుంటుందని ఇప్పుడు అంటుంది. ముద్దతో అద్ది వెలుగులు ఎత్తడం మాత్రం కుడి చేత్తోనే. అది ఇంకో చేతికి ఇవ్వదు.

మా దగ్గరికి రావడం ఆపేసిన ఆఖరి రోజున వాళ్ళు కొత్త ముద్ద రబ్బరు ఒకటి తెచ్చారు, ప్యాకెట్టు విప్పకుండా. ఆమె కొంగు భుజం మీద ఉంది, చేతులు రెండూ బల్ల మీద ఉన్నాయి. ప్యాకెట్టు తనే విప్పింది. ముద్దని రెండు చేతుల్లోకి తీసుకుని వెచ్చబడేదాకా పిసికింది. తర్వాత రెండు వైపులా లాగింది. అది సాగింది, సాగింది, మధ్యలో సన్నబడి తెగింది. ఒక సగాన్ని పనిష్మెంట్ కుర్చీ వైపు చాచింది, కుడి చేత్తో.

"ఇందా. సగమే ఇస్తా. మొత్తం ఇస్తే నా పని కూడా నువ్వే చేస్తావు."

ఆయన నావైపు చూశాడు, అనుమతి కోసం. తర్వాత ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకుని, ఆ సగాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. సాగదీశాడు, మడిచాడు, మళ్ళీ సాగదీశాడు. అది కొత్తది, దాంట్లో పిసకాల్సిన నలుపేమీ లేదు. అయినా చేస్తూనే ఉన్నాడు. ఆ రోజు నేను ఆయన్ని చేతులు కట్టుకొమ్మని అనలేదు.